హెయిర్‌స్ప్రే: ఎత్తైన కొప్పుల కింద బాల్టిమోర్ చరిత్ర

హెయిర్‌స్ప్రే అనే అమెరికన్ మ్యూజికల్‌లో, అంటే పాటలూ డాన్సులతో నడిచే నాటకంలో, చివరి పాట మొదలయ్యేసరికి హాల్లో ఎవరికీ కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు. టీవీ స్టూడియోలో తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే చోట కలిసి ఆడుతుంటారు, అప్పటిదాకా అడ్డుపడిన తల్లీకూతుళ్లు కూడా ఆఖరికి వాళ్లతో అడుగు కలుపుతారు, తెర పడుతుంది. కథ జరిగేది 1962లో, అమెరికా తూర్పు తీరంలో మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉన్న బాల్టిమోర్‌లో. ఆ ఊళ్లో ఆ రోజుల్లో అచ్చం అలాంటి టీవీ షో నిజంగానే ఉండేది. కానీ అది అలా ముగియలేదు. పిల్లల్ని కలిపి ఆడించలేక షోనే ఎత్తేశారు.

ఈ తేడాను దగ్గర పెట్టుకుని చూస్తే హెయిర్‌స్ప్రే వేరేగా కనిపిస్తుంది. పైకి ఇది నవ్వుల నాటకం. లావుగా ఉన్న ట్రేసీ అనే హైస్కూల్ పిల్ల టీవీ డాన్స్ షోలో చోటు సంపాదించి, ఆ షోలోకి నల్లపిల్లల్ని కూడా రానివ్వాలని పట్టుబట్టి గెలుస్తుంది, కథ అంతే. విచిత్రం ఏమిటంటే ఇందులో జోకుల్లా వినిపించేవాటిలో చాలా భాగం నిజంగా జరిగినవే, అందరూ నిజమని నమ్మి ఇంటికి వెళ్లే ముగింపు మాత్రం కల్పన. అమెరికాలో పెరిగినవాళ్లకు ఈ జోకులు వివరించక్కర్లేదు గానీ, పిల్లల స్కూల్లో ఈ నాటకం వేస్తున్నారని వెళ్లి కూర్చునే తెలుగు తల్లిదండ్రులకు సగం మాటలు చెవి పక్కనుంచి వెళ్లిపోతాయి.

ముందు అసలు షో సంగతి. దాని పేరు బడ్డీ డీన్ షో. డబ్ల్యూజేజెడ్ అనే స్థానిక చానల్‌లో 1957 సెప్టెంబర్‌లో మొదలైంది, వారానికి 6 రోజులు, రోజుకు 2 గంటలకు పైనే వచ్చేది. నాటకంలో కార్నీ కాలిన్స్ అనే యాంకర్ పాత్రకు మూలం ఈ బడ్డీ డీనే, ఆర్కన్సా నుంచి వచ్చి రేడియోలో రికార్డులు వేస్తూ పేరు తెచ్చుకున్న మనిషి. అప్పటికి ఫిలడెల్ఫియా నుంచి అమెరికన్ బ్యాండ్‌స్టాండ్ దేశమంతా ప్రసారమవుతోంది, అయినా బాల్టిమోర్ పిల్లలకు మాత్రం సొంత షో ఉంది, సొంత తారలు ఉన్నారు. ఎంపికై రోజూ ఆడే పిల్లల బృందాన్ని 'కమిటీ' అనేవాళ్లు. వాళ్లు పాడేవాళ్లు కాదు, నటించేవాళ్లు కాదు, కెమెరా ముందు డాన్స్ చేసేవాళ్లు అంతే. అయినా ఆటోగ్రాఫులు, అభిమానుల ఉత్తరాలు, ఎవరు ఎవరితో తిరుగుతున్నారన్న కబుర్లు, ఒక్కటి కాదు. బడి అయిపోగానే పరుగున ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్న పిల్లల్లో జాన్ వాటర్స్ ఒకడు. అతనే పెద్దయ్యాక 1985లో ఆ కమిటీ పిల్లల గురించి పత్రికలో వ్యాసం రాశాడు, 1988లో హెయిర్‌స్ప్రే సినిమా తీశాడు, 2002 ఆగస్టు 15న అది మ్యూజికల్‌గా న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే ఎక్కింది, మరుసటి ఏడాది ఉత్తమ మ్యూజికల్‌తో సహా 8 టోనీలు, అంటే అక్కడి నాటకాలకిచ్చే అవార్డులు, తెచ్చుకుంది. 2007లో మళ్లీ సినిమా అయింది.

నల్లపిల్లలు ఆ షోలో అసలే లేరా అంటే, ఉన్నారు. వాళ్లకు వేరే రోజు కేటాయించారు. మిగతా రోజులన్నీ తెల్లపిల్లలవి. నాటకంలో 'నీగ్రో డే' అన్న మాట రాగానే ప్రేక్షకులు ఉలిక్కిపడి ఇబ్బందిగా నవ్వుతారు, రచయిత కాస్త పెంచి రాశాడేమో అనుకుంటారు. ఏమీ పెంచలేదు, అప్పటి వాడుక మాటే అది.

ఇక పేరులోనే ఉన్న జుట్టు సంగతి. దీన్ని తమాషాగా తీసిపారేస్తే నాటకం సగం పోతుంది. 1960లో షికాగో దగ్గర మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే హెయిర్ డ్రెసర్‌ను ఒక బ్యూటీ పత్రిక కొత్త దశాబ్దానికి కొత్త కొప్పు కావాలని అడిగింది. ఆవిడ తన దగ్గరున్న చిన్న టోపీని మనసులో పెట్టుకుని, దాని మీదుగా పోయినట్టు జుట్టు పైకి కట్టింది, పైన తేనెటీగలాంటి అలంకారం ఒకటి పెట్టింది. అదే బీహైవ్, తేనెపట్టు కొప్పు. కట్టే పద్ధతి ఇలా ఉంటుంది: ఒక పాయ తీసుకుని నిటారుగా పట్టుకుని, దువ్వెనతో కొస నుంచి కుదురు వైపు, అంటే మామూలుగా దువ్వేదానికి తలకిందులుగా దువ్వాలి. కింద జుట్టు చిక్కుపడి దూదిలా ఉబ్బుతుంది. అలా పాయ తరవాత పాయ లేపుకుంటూ వచ్చి, పైపొరను మాత్రం నున్నగా దువ్వి కప్పేసి, స్ప్రే కొట్టాలి, అది బిగిశాక మళ్లీ కొట్టాలి. చిక్కుపెట్టే ఆ పనిని బాల్టిమోర్‌లో 'ర్యాటింగ్' అనేవాళ్లు. మన 1960ల సినిమాల్లో హీరోయిన్ల తలమీద కనిపించే ఎత్తు కొప్పులు ఈ గాలికి దూరంగా ఉన్నవేమీ కావు.

ఆ స్ప్రే డబ్బా వెనక కూడా ఒక యుద్ధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో సైనికులను మలేరియా దోమలు తినేస్తుంటే, అమెరికా వ్యవసాయ శాఖలో లైల్ గుడ్‌హ్యూ, విలియం సలివాన్ అనే ఇద్దరు చేతిలో పట్టే ఏరోసాల్ డబ్బా తయారుచేశారు. నొక్కితే దోమల మందు పొగమంచులా వస్తుంది. యుద్ధం ముగిశాక అదే పద్ధతి అద్దాల బల్ల మీదికి వచ్చింది, దోమల మందు పోయి జుట్టు బిగించే జిగురు చేరింది. నాటకంలో టీవీ షోకు డబ్బిచ్చే కంపెనీ హెయిర్‌స్ప్రే కంపెనీ కావడం ఊరికే పెట్టింది కాదు. పాటకు టీనేజర్లు, టీనేజర్లకు టీవీ, టీవీకి స్పాన్సర్. యుద్ధం తర్వాత అమెరికా వ్యాపారం నడిచిన దారి అదే. చేతిఖర్చు డబ్బులున్న టీనేజర్ అనే కొత్త కొనుగోలుదారు పుట్టాడు, అతని కోసం మార్కెట్ పుట్టింది.

ట్రేసీ జుట్టు చూసి తల్లి ఎడ్నా మందలిస్తే, మన దేశ ప్రథమ మహిళ జాకీ కెన్నడీయే జుట్టు ర్యాట్ చేసుకుంటోంది కదా అని ఎదురు చెబుతుంది. ఒక్క మాటలో ఎన్ని ఉన్నాయో చూడండి. 1961లో వైట్‌హౌస్‌లోకి వచ్చిన ఆవిడ జుట్టును న్యూయార్క్‌లో పేరు మోసిన కెనెత్ బాటెల్ తీర్చిదిద్దేవాడు. అదే పని బాల్టిమోర్ కార్మికవాడల్లో ఆడపిల్లలు బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడి సొంతంగా చేసుకుంటే అది పొగరు కిందికి వస్తుంది. గొప్పింటి తల మీద ఉంటే ఫ్యాషన్, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతికే ఎడ్నా కూతురి తల మీద ఉంటే డిటెన్షన్, అంటే బడిలో శిక్ష గది. ఈ వర్గ భేదం నాటకంలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు, జుట్టే చెబుతుంది.

ఆ డిటెన్షన్ గదిలోనే ట్రేసీకి సీవీడ్ అనే నల్లజాతి కుర్రాడు పరిచయమవుతాడు, కొత్త స్టెప్పులు అక్కడే నేర్చుకుంటుంది. తేలిగ్గా జరిగిపోయే సీనే, కానీ అందులో బరువు ఉంది. బాల్టిమోర్ 1954లోనే, బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఏడాదే, దాన్ని తీసేసిన ఊరు. అమెరికా దక్షిణాది ఊళ్లు చాలావరకు ఏళ్ల తరబడి మొరాయించాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మరి 1962 నాటి బడిలో తెల్లపిల్ల, నల్లపిల్లలు కలిసేది శిక్ష గదిలో మాత్రమే ఎందుకు? దానికి జవాబు వాడల్లో ఉంది.

1910లో జార్జ్ మెక్‌మెకెన్ అనే నల్లజాతి లాయర్ మెకల్లో స్ట్రీట్‌లో తెల్లవాళ్లుండే చోట ఇల్లు తీసుకున్నాడు. చదువుకున్నవాడు, కోర్టులో వాదించేవాడు. అయినా వాడ భగ్గుమంది, ఆ ఏడాది ముగిసేలోగా నగరం ఒక చట్టం చేసింది: తెల్లవాళ్లు ఎక్కువున్న బ్లాకులోకి నల్లవాళ్లు కాపురానికి రాకూడదు, నల్లవాళ్లు ఎక్కువున్న బ్లాకులోకి తెల్లవాళ్లు రాకూడదు. జాతి ప్రకారం వీధుల్ని విడదీస్తూ అమెరికా నగరమేదైనా చేసిన చట్టాల్లో ఇదే మొదటిది. దీన్ని చూసి వేరే ఊళ్లు కూడా చేసుకున్నాయి. 1917లో సుప్రీంకోర్టు లూయీవిల్ నగరం కేసులో ఇలాంటి చట్టాలు చెల్లవని తేల్చింది, అయితే అప్పటికే వేరే దారులు దొరికాయి. ఇంటి దస్తావేజులోనే ఫలానా జాతికి అమ్మకూడదని షరతు రాసుకోవడం, 1930ల్లో నల్లవాళ్ల పేటల్ని మ్యాపులో ఎర్రరంగు వేసి అప్పులకు పనికిరావని తేల్చేయడం, 1950ల్లో 'నల్లవాళ్లు వచ్చేస్తున్నారు' అని భయపెట్టి తెల్లవాళ్ల ఇళ్లు చవగ్గా కొని నల్లవాళ్లకు రెట్టింపు చెప్పడం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి. బడి తలుపు తీసినా వాడ తలుపు మూసే ఉంది. నాటకంలో ట్రేసీ స్నేహితులు నార్త్ అవెన్యూలోని రికార్డుల షాపుకు వెళ్లడం అంత సాహసంలా కనిపించేది అందుకే. ఊరు అదే, కానీ ఆ గీత దాటడం మామూలు సంగతి కాదు.

బాల్టిమోర్ దక్షిణాదీ కాదు, ఉత్తరాదీ కాదు. అందుకే ఇక్కడ పోరాటం కూడా దక్షిణాదిలోని అలబామా పోరాటాల ఫొటోల్లో కనిపించేలా ఉండదు, పత్రికల మొదటి పేజీకి ఎక్కదు. ఉత్తర కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో 4గురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని దేశాన్ని కదిలించింది 1960 ఫిబ్రవరిలో. దానికి 5 ఏళ్ల ముందే, 1955 జనవరిలో, బాల్టిమోర్ మోర్గన్ స్టేట్ కాలేజీ విద్యార్థులు రీడ్స్ అనే మందుల షాపు లంచ్ కౌంటర్ దగ్గర ఇదే పని చేసి, రోజుల్లోనే గెలిచారు. చాలామందికి తెలియదు. ఈ మోర్గన్ స్టేట్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పాటల దగ్గరికి వస్తే ఈ నాటకం సరదాగా మోసం చేస్తుంది. ట్రేసీ నిద్రలేచి ఊరికి శుభోదయం చెప్పే మొదటి పాట ఆరంభంలో వినిపించే డ్రమ్ దరువు 1963 ఆగస్టులో రానెట్స్ అనే అమ్మాయిల బృందం పాడిన 'బి మై బేబీ'ని గుర్తుచేస్తుంది, కథ మాత్రం 1962 జూన్‌లో ఉంటుంది. చివరి పాట ఊపు 1966 నాటి టీనా టర్నర్ పాటది. సంగీతం కూర్చిన మార్క్ షేమన్, అతనితో కలిసి పాటలు రాసిన స్కాట్ విట్‌మన్ తారీఖుల పట్టింపు పెట్టుకోలేదు, ఆ దశాబ్దమంతటి వాసన ఒక్క సాయంత్రంలో పట్టాలనుకున్నారు. ఆ నిర్ణయం సరైనదే. మధ్యలో నాటకంలో కనిపించే 'డైనమైట్స్' అనే ముగ్గురమ్మాయిలు 1961లో షిరెల్స్ నంబర్ వన్ అయ్యాక పుట్టుకొచ్చిన నల్లజాతి అమ్మాయిల బృందాలకు గుర్తు.

డాన్సుల్లో మాడిసన్ ప్రత్యేకం. ఒహైయోలోని కొలంబస్‌లో నల్లజాతి క్లబ్బుల్లో పుట్టి, బాల్టిమోర్ చేరి, బడ్డీ డీన్ షో ద్వారా తెల్లపిల్లల ఇళ్లలోకి వెళ్లింది. వరసగా నిలబడి, పైనుంచి ఒకరు కేకేసి చెప్పే అడుగుల్ని అందరూ ఒకేసారి వేస్తారు. ట్విస్ట్ కథ కూడా ఇంచుమించు ఇంతే: హ్యాంక్ బాలర్డ్ రాసి పాడిన పాట, 1960లో ఛబ్బీ చెకర్ పాడితే దేశమంతా పట్టుకుంది, 1962 జనవరిలో మళ్లీ నంబర్ వన్ అయింది. 1949 దాకా నల్లవాళ్ల రికార్డుల్ని పరిశ్రమ 'రేస్ రికార్డ్స్' అనే పేరుతో పక్కన పెట్టేది, ఆ ఏడాది బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని పెట్టింది. పేరు మారింది గానీ, పాట రేడియోలో గీత దాటి వెళుతున్నా పాడినవాళ్లు, ఆడినవాళ్లు గీతకు ఇవతలే ఉండిపోయారు. నల్లపిల్లల అడుగులు రోజూ టీవీలో కనిపించాయి, నల్లపిల్లలు మాత్రం కేటాయించిన రోజునే. హెయిర్‌స్ప్రే మొత్తానికి కేంద్రం ఇదే. ట్రేసీకి షోలో చోటు తెచ్చిన స్టెప్పు సీవీడ్‌ది, సీవీడ్‌కు చోటు లేదు.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. ఎడ్నా, విల్బర్ దంపతులు ముసలి ప్రేమ గురించి పాడుకుంటూ క్యాస్ట్రో దండెత్తుతున్నాడని ఒక మాట అనుకుంటారు. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద దాడి చేయించి భంగపడింది నిజానికి అమెరికాయే, క్షిపణుల సంక్షోభం రావడానికి ఇంకా 4 నెలలుంది, ఆ మధ్యలో మామూలు ఇళ్లలో ఉన్న భయం ఆ పొరపాటు మాటలో ఉంది. అదే పాటలో గ్లెన్ మిల్లర్, ఛబ్బీ చెకర్ పక్కపక్కనే వస్తారు, ఒకరు వాళ్ల యవ్వనం, ఒకరు కూతురి యవ్వనం. టీవీ షో నడిపే విలన్ వెల్మా ఒకప్పటి 'మిస్ బాల్టిమోర్ క్రాబ్స్' అంటే, చెసపీక్ ఉప్పుటేరులో దొరికే నీలం పీతలు ఆ ఊరికి ప్రాణం కాబట్టి.

ట్రేసీ స్నేహితురాలు పెన్నీ, సీవీడ్ ప్రేమించుకుంటారు. పెన్నీ తల్లి గగ్గోలు పెడుతుంది, కూతుర్ని తాళ్లతో మంచానికి కట్టేస్తుంది, జనం నవ్వుతారు. ఆ నవ్వు మధ్యలో నాటకం చెప్పని విషయం ఒకటి ఉంది. 1962లో మేరీల్యాండ్‌లో తెల్లమ్మాయి, నల్లబ్బాయి పెళ్లి చేసుకోవడం నేరం. 17వ శతాబ్దపు వలస కాలం నుంచీ వస్తున్న నిషేధం అది, రాష్ట్రం దాన్ని రద్దు చేసింది 1967లో. అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు దేశమంతటా అలాంటి చట్టాల్ని కొట్టేసింది. అంటే తెర పడిన తర్వాత ఆ జంట సొంత ఊళ్లో పెళ్లి చేసుకోవాలంటే ఇంకో 5 ఏళ్లు ఆగాలి.

1988 సినిమాలో ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు ముందు నిరసన సీను ఉంటుంది, మ్యూజికల్‌లో దాన్ని తీసేశారు. అది తీసేయడం నష్టమే. ఆ సీనుకు మూలమైన గ్విన్ ఓక్ పార్కు బాల్టిమోర్ శివార్లలో ఉండేది, తెల్లవాళ్లకు మాత్రమే. 1963 జూలై 4న, స్వాతంత్ర్య దినం నాడే, పాస్టర్లు, రబ్బీలు అనే యూదు మతగురువులు, విద్యార్థులు గేటు దగ్గరికి వెళితే 280 మందికి పైగా అరెస్టయ్యారు. యాజమాన్యం దిగొచ్చి ఆగస్టు 28న తలుపులు తెరిచింది. అదే రోజు వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ లక్షల మంది ముందు మాట్లాడుతున్నాడు, ఇక్కడ 11 నెలల నల్లజాతి పాప రంగులరాట్నం గుర్రం ఎక్కింది. ఆ రాట్నాన్ని తర్వాత వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ అనే పెద్ద మైదానానికి తెచ్చి పెట్టారు.

ఆ పాప గుర్రమెక్కడానికి సరిగ్గా 16 రోజుల ముందు, 1963 ఆగస్టు 12న, బడ్డీ డీన్ షోలో అసలు సంఘటన జరిగింది. మోర్గన్ స్టేట్ విద్యార్థులు నడిపిన సివిక్ ఇంట్రెస్ట్ గ్రూప్ అనే సంఘం నల్లపిల్లల రోజుకు టికెట్లు తీసుకుంది. వాళ్లతో పాటు కొందరు తెల్ల విద్యార్థులు కూడా గుట్టుగా లోపలికి చేరారు. లైవ్ మొదలైంది, కెమెరాలు తిరుగుతున్నాయి, తెల్లా నల్లా కలిసి ఆడారు, బాల్టిమోర్ ఇళ్లలో అది ఉన్నదున్నట్టు కనిపించింది. చానల్‌కు బాంబు బెదిరింపులు వచ్చాయి, తగలబెడతామన్నారు, విషం కక్కే ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఆ తర్వాత షోను ఎలా నడపాలో చానల్‌కు పాలుపోలేదు. కలిపి ఆడించే ధైర్యం చేయలేదు, విడదీసి నడిపే రోజులూ పోయాయి. 1964 జనవరి 4న చివరి ప్రసారం. బ్రాడ్‌వేలో హెయిర్‌స్ప్రే కూడా చివరి ప్రదర్శన ఇచ్చింది జనవరి 4నే, 2009లో, సరిగ్గా 45 ఏళ్లకు.

వాటర్స్ ముగింపు మార్చడాన్ని తప్పుపట్టక్కర్లేదు. చిన్నప్పుడు తను ప్రేమించిన షోకు దక్కాల్సిన ముగింపు ఇచ్చాడు. అభ్యంతరం చెప్పాల్సింది ఇంకోచోట: నాటకంలో ఆలోచన ట్రేసీది, ఆగస్టు 12న ఆలోచన మోర్గన్ స్టేట్ విద్యార్థులది. టికెట్లు తీసుకున్నదెవరు, ప్లాన్ వేసిందెవరు అన్నది ఒక తెల్లపిల్ల మంచి మనసు కిందికి వెళ్లిపోయింది. లావుగా ఉన్నందుకు ట్రేసీని దూరం పెట్టడం, నల్లగా ఉన్నందుకు సీవీడ్‌ను దూరం పెట్టడం ఒకటే అన్నట్టు కథ నడుస్తుంది. మొదటిదాంట్లో అవమానం ఉంది, నిజమే, బాధ ఉంది. రెండోదాంట్లో చట్టం ఉంది, పోలీసు ఉన్నాడు, ఇంటి దస్తావేజు ఉంది. ఈ రెండూ ఒకే తూకానికి రావు.

స్కూళ్లలో వేసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. నల్లపిల్లలు లేని బడులు కూడా వేసుకోవచ్చని రచయితలు మొదట్లో అనుమతిచ్చారు, దాంతో సీవీడ్ పాత్రలో తెల్లపిల్లలు కనిపించిన ప్రదర్శనలూ జరిగాయి. 2020లో ఆ అనుమతి ఎత్తేసి, పాత్ర ఏ జాతిదని రాసి ఉంటే ఆ జాతివాళ్లే వేయాలన్నారు. మంచి పనే, ఆలస్యంగా జరిగింది.

ఇంత మార్చినా నాటకం నిజాన్ని వదిలేయని చోటు ఒకటుంది. చివరి సంబరానికి కాస్త ముందు రికార్డుల షాపు యజమాని మోటర్‌మౌత్ మేబెల్ ఒంటరిగా నిలబడి పాడుతుంది, చర్చిలో పాడినట్టు, నెమ్మదిగా మొదలుపెట్టి. దారిలో ఎందరినో పోగొట్టుకున్నామంటుంది, ఎక్కడినుంచి వచ్చామో తెలుసంటుంది, చేరుకున్నామని మాత్రం అనదు. ఈ పాట పెడితే బృందంలో దాదాపు అందరూ వద్దన్నారని షేమన్ తర్వాత రాశాడు. మరీ విషాదంగా ఉందన్నారు, నీతిబోధలా ఉందన్నారు, ఆ చోటులో హీరోయిన్ ట్రేసీ పాడాలన్నారు. షేమన్, విట్‌మన్ పట్టు వదల్లేదు. ఆ కొన్ని నిమిషాలు ట్రేసీ పక్కకు తప్పుకుని వింటుంది.